చప్పుడు లేని కబురు

ఆదివారం పొద్దున ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద ముగ్గురం కూర్చున్నాం. మా నాయన టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి, స్తంభాలెక్కి తీగలు లాగి, ఎక్స్ఛేంజీ బ్యాటరీలకు నీళ్ళు పోసి రిటైరైన మనిషి. ఆయన మేనకోడలు, అంటే నాకు మరదలు, సాగర్ రోడ్డు పొడుగునా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో ఈసీఈ పాఠాలు చెప్తుంది. పక్కన పీహెచ్‌డీ కూడా నడుస్తోంది. కంటికి ఆనని నానో పరికరాలు ఒకదానికొకటి వైర్‌లెస్‌గా కబురు అందించుకునేటప్పుడు ఏ దారిన పంపితే శక్తి తక్కువ ఖర్చవుతుందన్నది ఆమె పట్టుకున్న అంశం. ఆ మాట ఎత్తితే చాలు మా నాయనకు ఒళ్ళు మండుతుంది. అయినా ప్రతి పండక్కీ ఆయనే ఎత్తుతాడు.

మేం బయల్దేరేటప్పటికి ఆయన హనుమాండ్ల గుడికి పోయి వచ్చాడు, నుదుట సింధూరం ఇంకా తడిగానే ఉంది. "వంట కాంగనే మిస్డ్ కాల్ ఇస్త, ముచ్చట్ల పడి మర్చిపోకుండ్రి" అని అమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

ఇద్దరి మాటల్నీ వాళ్ళ వరసల పేర్లతోనే రాస్తున్నాను. నేను మధ్యలో పల్లీలు ఒలుస్తూ కూర్చున్నవాణ్ణి.

మామ: ముందుగాల ఒక్క ముచ్చట చెప్పు బిడ్డా. నువ్వు దారి ఏస్తున్న ఆ పరికరం ఏడున్నది? నా చేతిల పెట్టు, తర్వాత మాట్లాడుదాం.

కోడలు: చేతిలో పెట్టినా కనబడదు మామా. వెంట్రుకని అడ్డంగా కోస్తే వచ్చే ముఖం మీద పదుల్లో పట్టేంత ఉండాలని లెక్క.

మామ: ఉండాలని లెక్కనా, ఉన్నదా?

కోడలు: ముక్కలున్నయి. అన్నీ కలిపి ఒక్కటిగా కూర్చింది ఇంకా లేదు. 2006లో అమెరికాలో జార్జియా టెక్‌లో ఝాంగ్ లిన్ వాంగ్ వాళ్ళు జింక్ ఆక్సైడ్ నానో తీగని వంచితే కరెంటు పుడుతుందని చూపించిన్రు. అంటే పరికరానికి సొంత తిండి దొరికింది. 2010లో అదే జార్జియా టెక్‌లో అక్యిల్డిజ్, జోర్నెట్ అని ఇద్దరు, ఇట్లాంటి పరికరాలు వందల్లో వేలల్లో ఉంటే వాటి నెట్‌వర్క్ ఎట్లుండాలో రాసిన్రు. 2015కి ఐట్రిపుల్ఈ వాళ్ళు 1906.1 అని ఒక సిఫారసు పత్రం కూడా ఖాయం చేసిన్రు.

మామ: వస్తువు లేదు, దానికి రూల్సు పుస్తకం ఉన్నది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

కోడలు: మాక్స్‌వెల్ 1865లో కాగితం మీద రాసుకున్న తరంగాల్ని హెర్ట్జ్ చూపించేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ఇరవై ఏళ్ళూ మాక్స్‌వెల్‌ది సోమలింగం ముచ్చటేనా?

మామ: ఆయన ప్రకృతి ఎట్లుందో రాసిండు బిడ్డా. దొరికినా దొరకకపోయినా అది ఉన్నది. నువ్వు రాసేది రైలు టైంటేబులు. పట్టాలు ఏయకముందు టైంటేబులు రాస్తే ఎవడెక్కుతడు?

ఈ దెబ్బకు మరదలు కాసేపు నీళ్ళకేసి చూసింది. కుతుబ్‌షాహీల కాలం నాటిదంటారు ఈ చెరువుని. ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా గోల్కొండని ఏలింది 1550 నుంచి 1580 దాకా. ఇప్పుడు ఇదే మండలంలో ఆదిబట్లలో విమానాల విడిభాగాలు తయారవుతున్నాయి. ఇటు బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే కేంద్ర సంస్థ నానో పదార్థాల మీద పనిచేస్తోంది. చెరువు కట్ట మీద నానో ముచ్చట అంత విడ్డూరమేమీ కాదు. నాయనకు మాత్రం ఏదైనా విడ్డూరమే, ఆయన చేత్తో జాయింటు కొట్టనంతవరకు.

కోడలు: సరే, పట్టాల సంగతి పక్కన పెడదాం. రైలు జేబులో ఎంతుందో చూద్దాం. ఆ తీగల నుంచి వచ్చే కరెంటుని దాచుకోడానికి చిన్న కెపాసిటర్ ఉంటుంది. జోర్నెట్ వాళ్ళు వేసుకున్న లెక్కలో అది 9 నానోఫారడ్లు, 0.42 వోల్టులు. నువ్వు బ్యాటరీలు చూసినవాడివి, సగం సీ వీ స్క్వేర్ కట్టు.

మామ: (వేలితో కట్ట మట్టి మీద గీసి) 800కి జర తక్కువ.

కోడలు: 800 పికోజౌళ్ళు. రూపాయికి ఒక పికోజౌల్ అనుకో. వాడి జేబుల 800 రూపాయలున్నయి. ఒక్క మెరుపు, అంటే సెకనులో లక్ష కోట్లో వంతు కాలం కూడా ఉండని టెరాహెర్ట్జ్ పల్సు ఒక్కటి పంపితే రూపాయి ఖర్చు.

మామ: 800 అయిపోతే?

కోడలు: మళ్ళీ నిండాలె. తీగలు ఒక 2500 సార్లు వంగితే జేబు నిండుతది. ఏసీ గొట్టం మీద పెట్టినవనుకో, అది సెకనుకు 50 సార్లు అదిరితే 50 సెకన్లలో నిండుతది. మనిషి ఒంట్లో గుండె పక్కన పెట్టినవనుకో, సెకనుకు ఒక్క కొట్టుడు. ఎంతసేపు?

మామ: 2500 సెకన్లు. నలభై రెండు నిమిషాలు దగ్గర దగ్గర.

కోడలు: ఆ నలభై రెండు నిమిషాల జీతం మీద వాడు సంసారం చెయ్యాలె. ఇప్పుడు 200 బిట్ల కబురు ఒకటి వచ్చిందనుకో. అందులో సగం ఒకట్లు, సగం సున్నాలు. ఒకటి అంటే మెరుపు. సున్నా అంటే ఏమీ పంపకపోవుడు. సున్నాకి పైసా ఖర్చు లేదు. అంటే పంపడానికి నూరు రూపాయలు. వినడానికి బిట్టుకు పది పైసలు వేస్తే ఇరవై. పక్కోడి కబురు విని, ముందుకు తోస్తే 120. ఆరు కబుర్లు మోస్తే?

మామ: 720.

కోడలు: జేబుల 80 మిగిలె. వాడికే సొంత కబురు చెప్పుకునే పని పడితే నూరు కావాలె. ఊరందరి మూట మోసి, వాడి మూట దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసిండు. నా పీహెచ్‌డీ అంతా ఈ ఇరవై రూపాయల గురించే మామా.

నేను పల్లీలు ఒలవడం ఆపాను. మూడేళ్ళ నుంచి ఆమె ఏం చేస్తోందో నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే. నాయనకీ అర్థమైందని ఆయన ముఖం చెప్పింది. ఒప్పుకుంటే ఆయన నాయన ఎందుకవుతాడు?

మామ: అయితే మోసుడెందుకు? ఎవని కబురు వాడే నేరుగా, కబుర్లన్నీ వినే పెద్ద మిషనుకు పంపుకోవచ్చు కద.

కోడలు: దూరం. దూరం పదింతలైతే, అవతల అందే బలం నూరో వంతుకు పడిపోతది. అది ఖాళీ జాగాలో. టెరాహెర్ట్జ్‌కి ఇంకో శాపం ఉంది, నీళ్ళు. గాల్లో తేమ కూడా దాన్ని మింగేస్తది, ఒంట్లో అయితే చెప్పే పనే లేదు. ఈ చెరువు మీద పొద్దుటి మంచు ఉంది చూసినవా, అది చాలు సగం మాటలు తినడానికి. అందుకే ఒక్క దూకులో సెంటీమీటరు పోయే బదులు పది దూకుల్లో మిల్లీమీటరు చొప్పున పోవాలె. దూకుకి నూరో వంతు ఖర్చు, పది దూకులు. మొత్తం పదో వంతు.

మామ: అగో, ఆడనే దొరికినవ్. మజిలీ మజిలీకి మూట దించుడు, ఎక్కించుడు ఉంటది గద. హమాలీ కూలి ఎవడిస్తడు? మేం మైక్రోవేవ్ టవర్లు ఏసినప్పుడు నలభై యాభై కిలోమీటర్లకు ఒకటి ఏసినం. నాలుగు కిలోమీటర్లకు ఒకటి ఏయలే. ఎందుకు? టవరు టవరుకు బ్యాటరీలు, డీజిలు, కావలోడు. దూకులు పెంచితే అగ్గువ అయితదని మాకు తెల్వకనా?

ఈ ప్రశ్న ఆమె ఎదురుచూసిందే అనుకుంటాను. బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది.

కోడలు: నువ్వన్నది నిజమే, దానికి లెక్క కూడా ఉంది. నానో కాదు, మామూలు సెన్సర్లది. 2000 జనవరిలో ఎంఐటీ నుంచి వెండీ హైన్జెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ లీచ్ అనే పద్ధతి రాసిన్రు. అందులో రేడియో ఖర్చు ఇట్లా కట్టిన్రు. ఒక బిట్టు పంపే సర్క్యూట్‌కి 50 నానోజౌళ్ళు, వినే సర్క్యూట్‌కి ఇంకో 50. దూరానికి ఖర్చు వేరే, మీటర్ల వర్గాన్ని 0.1తో గుణించాలె. చివర వినే పెద్ద మిషనుకు కరెంటు బాధ లేదు కాబట్టి దాని ఖర్చు లెక్కలోకి రాదు. 20 మీటర్లు నేరుగా పంపితే 50కి 40 కలిపి 90. మధ్యలో ఒకణ్ణి పెడితే 170.

మామ: రెండింతలు దగ్గర!

కోడలు: ఆగు. 100 మీటర్లు నేరుగా పంపితే 1050. మధ్యలో ఒకడుంటే 650. రెండూ సమానమయ్యే చోటు 45 మీటర్ల దగ్గర. అంతకన్నా దగ్గరుంటే మధ్యవర్తి దండగ. దూరముంటే మధ్యవర్తి లేకుండా దండగ.

మామ: నలభై అయిదు మీటర్లు! మరి మీ పోరగాళ్ళ ప్రాజెక్టులల్ల ఒక గదిల ఇరవై సెన్సర్లు పెట్టి, ఒకదాని నుంచి ఒకదానికి దూకిస్తరు గద, శక్తి ఆదా అని పేరు పెట్టి.

కోడలు: (నవ్వి) ఆ ప్రాజెక్టుల సంగతి నన్నడగకు. నానోలో మాత్రం ఆ గీత ఎక్కడ పడుతుందో ఇంకా తెగలేదు. అక్కడ వినే ఖర్చు పంపే ఖర్చులో చిన్న వంతు అని అనుకుంటున్నరు. నేరుగా పంపుదామన్నా జేబులో అంత బలం లేదు. కాబట్టి మోసేవాళ్ళు తప్పరు.

మామ: మోసేటోళ్ళు తప్పరన్నప్పుడు ఎవడు మోస్తడన్నదే ముచ్చట. మా నాయన నీరటి. నీకు తాత.

ఇక్కడ రెండు మాటలు నేను చెప్పాలి. నీరటి అంటే చెరువు నీళ్ళని తూము దగ్గర్నుంచి చివరి మడి దాకా పంచేవాడు. భుజాన పార, రాత్రయితే చేతిలో లాంతరు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో వంతులు ఆయన తలలో ఉండేవి. కోతలయ్యాక కల్లం దగ్గర ప్రతి రైతూ ఆయనకు మేర కొలిచేవాడు, అదే జీతం. బోర్లు వచ్చాక నీరటి పని సన్నగిల్లింది. 2015 నుంచి మిషన్ కాకతీయ అని రాష్ట్రమంతా చెరువుల పూడిక తీశారు. నీళ్ళు తిరిగొచ్చిన చోట్ల కూడా నీరటి తిరిగి రాలేదు.

మామ: తూము పక్కన పొలమున్నోడు ఎప్పుడూ బాగుపడ్తడు. చివరోడే ఏడుస్తడు. నీ లెక్కల?

కోడలు: తిరగబడి ఉంటది మామా. అందరి కబుర్లూ పెద్ద మిషను దగ్గరికే పోవాలె. దాని పక్కనున్నవాడి మీదుగా ఊరంతా నడుస్తది. వాడి జేబు ముందు ఖాళీ అయితది. వాడు పడిపోతే అవతల అందరి దగ్గరా శక్తి ఉండి కూడా లాభం లేదు, కబురు దాటదు. అందుకే అందరికన్నా దగ్గరి దారి అనేది మా దగ్గర మంచి దారి కాదు. ఆ దారి మంచిదని అందరూ తొక్కితే దారే చచ్చిపోతది.

మామ: మీ దగ్గర తూము పక్కోడు సచ్చిపోతడా! (చాలాసేపు నవ్వాడు.) గిది బాగున్నది. గిది మా నాయనకు చెప్తే సంతోషపడుతుండె. మరి మందు?

కోడలు: వంతులు. లీచ్ చేసిందదే. నూరు మందిలో ఒక అయిదుగురు పెద్దలు, మిగతావాళ్ళు దగ్గరున్న పెద్దకు చెప్పుకుంటరు. ఒక విడత అయిపోంగనే పెద్దలు మారుతరు. మోసే బరువు అందరి మీదా తిరుగుతది.

మామ: పెద్ద ఎవడో తేల్చుకునుడు ఎట్ల? చాటింపు ఏస్తరా?

కోడలు: కొంత వెయ్యాల్సిందే.

మామ: ఆ చాటింపు రూపాయల్లోంచే గద పోయేది. నువ్వు చెప్పిన 800ల నుంచే. ఎలక్షన్ ఖర్చుకే ఊరు అమ్ముడుపోతది.

కోడలు: అందుకే లీచ్‌ని నానోకి ఉన్నదున్నట్టు తేలేం. వీటికి పెద్దరికం మోసే జేబూ లేదు, దారులు గుర్తుపెట్టుకునే బుర్రా లేదు. శివరామమూర్తి, మనోజ్ 2004లో రాసిన అడ్‌హాక్ నెట్‌వర్కుల పుస్తకం నా టేబుల్ మీద ఉంటది. అందులోని పద్ధతుల్లో చాలావాటికి ప్రతివాడి దగ్గరా ఒక దారుల పట్టిక ఉండాలె, లేదా దారి కోసం ఊరంతా డప్పు కొట్టాలె. డప్పు విన్న ప్రతివాడూ మళ్ళీ డప్పు కొడితే ఊరు నిద్రపోదు, జేబు మిగలదు. అందుకని జోర్నెట్ వాళ్ళ నమూనాలో చిన్నవాళ్ళ మీద జర పెద్ద పరికరాలు, నానో రౌటర్లని ఉంటయి. ఎవడు ఎప్పుడు మాట్లాడాలో అవి చెప్తయి. వాటి పైన బయటి లోకానికి కలిపే గేటు.

మామ: (మోకాలు చరిచి) ఎక్స్ఛేంజి! ఇంత తిరిగి ఎక్స్ఛేంజికే వచ్చినవ్. చిన్న ఫోనుకు బుర్ర అక్కరలే, బుర్ర ఎక్స్ఛేంజిల ఉంటది, కరెంటు కూడా ఆడికెల్లే వస్తది. ముప్ఫై ఏండ్లు మేం చేసిన పని గదే. దానికి డాక్టరేటు ఇస్తున్నరా ఇప్పుడు?

నాయన గెలిచినట్టే కనిపించాడు. న్యాయంగా చెప్పాలంటే ఆయన పోలిక తప్పేం కాదు. లాండ్‌లైన్ ఫోనుకు కరెంటు ఇంట్లోంచి కాదు, ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి తీగ వెంట వచ్చేది, అందుకే ఊళ్ళో కరెంటు పోయినా ఫోను మోగేది. మరదలు మాత్రం వదల్లేదు.

కోడలు: ఎక్స్ఛేంజి నుంచి కరెంటు తీగ మీద వచ్చేది. ఇక్కడ తీగ లేదు. పైవాడు ఆజ్ఞ ఇవ్వగలడు, అన్నం పెట్టలేడు.

మామ: పెట్టిన్రు. నువ్వే ఒకసారి పేపర్ల చూపించినవ్, ఎలుకల ఒంట్ల పెట్టిందని.

కోడలు: న్యూరల్ డస్ట్. 2016, బర్క్‌లీ. నానో కాదది, 3 మిల్లీమీటర్ల పొడుగు.

మామ: మూడు మిల్లీమీటర్లో ముప్ఫయ్యో, తయారైంది గద. దానికి బ్యాటరీ ఉన్నదా? లేదు. బయట నుంచి అల్ట్రాసౌండు పంపిన్రు, అదే దానికి తిండి. అది సొంతంగా ఏమన్నా పంపిందా? లేదు, వచ్చిన చప్పుడునే జర మార్చి వాపసు కొట్టింది, అద్దం లెక్క. దానికి దారి ఉన్నదా? పక్కోని మీదుగ పోయిందా? లేదు. నిజంగ చేసినోళ్ళు దారుల జోలికే పోలేదు బిడ్డా. దారులన్నీ చెయ్యనోళ్ళ కాగితాలల్ల ఉన్నయి.

దీనికి ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఇచ్చినప్పుడు గొంతు తగ్గించి ఇచ్చింది, అది నాకు నచ్చింది.

కోడలు: అది పూర్తిగా కాదనలేను. మా రంగంలో ఎవరి పేపరు తీసినా చివర ఒక గ్రాఫ్ ఉంటది. పాత పద్ధతి గీత కింద, మాది పైన. ప్రతివాడూ లీచ్‌ని ఓడించినవాడే. ఇటలీలో బారీ నగరం వాళ్ళు 2013 ప్రాంతంలో నానో-సిమ్ అని, ఎన్ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌కి ఒక భాగం రాసిన్రు, దాంతో కంప్యూటర్‌లో ఎన్ని వేల నానో పరికరాలైనా పుట్టించొచ్చు, చంపొచ్చు. మంచి పనిముట్టే. కానీ కంప్యూటర్‌లో వాటికి ఏ జేబు ఇస్తే ఆ జేబు. ఊరికే చెవొగ్గి కూర్చునే ఖర్చు సున్నా అని ఒక్క లైను రాస్తే నా గీత కూడా పైకి లేస్తది. అసలు ప్రపంచంలో ఆ ఖర్చే దొంగ. మాట్లాడినప్పుడు కాదు, ఎవరన్నా మాట్లాడతరేమోనని మేలుకొని కూర్చున్నప్పుడే బ్యాటరీ పోయేది.

మామ: అట్ల చెప్పు. మరి నిద్రపుచ్చుమను.

కోడలు: అదే చేస్తరు. ఆ పని హైదరాబాద్‌లో జరిగిందే మామా. రెడ్‌పైన్ సిగ్నల్స్ అని మాట్టెల వెంకట్ పెట్టిన కంపెనీ, తక్కువ కరెంటుతో నడిచే వైఫై, బ్లూటూత్ చిప్పులు ఇక్కడే గీసిన్రు. 2020లో సిలికాన్ ల్యాబ్స్ వాళ్ళు ఆ వ్యాపారాన్ని 30.8 కోట్ల డాలర్లకు కొన్నరు. చిప్పుని ఎట్లా పడుకోబెట్టాలె, ఎట్లా లేపాలె అన్నదానికి పలికిన ధర అది చాలావరకు.

మామ: మంచిగ నిద్రపోయేటోనికి అంత ధర! (నా వైపు చూసి) వీనికి చెప్పకు.

కోడలు: కాగితాల్లోంచి బయటికొచ్చిన ముచ్చట ఇంకొకటుంది. పావగడ.

పావగడ కర్ణాటకలో ఉందన్న మాటే గాని చుట్టూ మూడు వైపులా అనంతపురం సీమే, సంతలో వినబడేది ఎక్కువగా తెలుగే. 2000 తర్వాతి దశకంలో బెంగళూరు ఐఐఎస్సీ, స్విట్జర్లాండ్ ఈపీఎఫ్ఎల్ కలిసి అక్కడి చెన్నకేశవపురంలో వానాధారపు వేరుశనగ చేలల్లో వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాయి. నేలలో తేమ ఎంతుందో కబురు పంపడం వాటి పని. ఆ ప్రయత్నానికి కామన్‌సెన్స్ నెట్ అని పేరు పెట్టుకున్నారు. పేరు కొంచెం అతిగా ఉందని నాకనిపిస్తుంది గాని, వాళ్ళు మొదలుపెట్టిన తీరు మాత్రం పేరుకు తగ్గట్టే ఉంది. యంత్రం పట్టుకుని కాకుండా ప్రశ్న పట్టుకుని వెళ్ళారు.

కోడలు: వాళ్ళు ముందు ఊళ్ళు తిరిగి, రైతులకు ఏ సమాచారం కావాలో అడిగిన్రు. ఆ తర్వాతనే సెన్సర్లు. నేను ఆ వరసలో పోలేదు, నిజమే. అడగడానికి నాకు రైతు లేడు. నా పరికరం రక్తంలో తిరగాలె, లేదా ఆకు వెనక కూచోవాలె. వాటి ఇష్టం కనుక్కోవుడెట్ల?

మామ: నన్నడుగు. నీరటి కొడుకును.

కోడలు: అడుగుతున్న. చివరి మడికి నీళ్ళు అందినయని తాతకు ఎట్లా తెలిసేది? రాత్రిపూట అంత దూరం నడిచి పోయేవాడా ప్రతిసారి?

మామ: ఎందుకు నడుస్తడు? కాలిగోర్లు అరుగుతయి. తూము తీసి, వంతు ప్రకారం మళ్ళించి, ఈ కట్ట మీదనే పడుకునెటోడు. నీళ్ళు అందకపోతే చివరోడు తిట్టుకుంట వస్తడు, రెండు పొలాల అవతల్నుంచే వినబడ్తది. రాలేదంటే అందినయన్నట్టు.

కోడలు: రాకపోవుడే కబురు.

మామ: గంతే. ఖర్చు లేని కబురు.

కోడలు: మామా, నువ్వు ఇప్పుడు చెప్పిందే నా సున్నా. ఒకటి పంపితే రూపాయి, సున్నా ఉచితం. అందుకని మావాళ్ళు కబురునే తిరగరాస్తరు, ఒకట్లు తక్కువ సున్నాలు ఎక్కువ పడేట్టు. బిట్లు నాలుగు ఎక్కువైనా సరే, మెరుపులు తగ్గితే జేబు మిగులుతది. ఒకరి మెరుపు ఇంకొకరి మెరుపుతో గుద్దుకునుడు కూడా తగ్గుతది. దారి మార్చడం కన్నా మాట మార్చడమే ఎక్కువ మిగిలించొచ్చు ఒక్కోసారి.

మామ: మిస్డ్ కాల్ లెక్క. మా శాఖల అందరం తిట్టుకునెటోళ్ళం, లైను పట్టుకుంటరు పైస ఇయ్యరని. ఒకసారి మోగిస్తే ఇంటికి రా, రెండుసార్లు మోగిస్తే చుట్టాలొచ్చిన్రు. జనానికి నీ చదువు ఎప్పుడో వచ్చు.

కోడలు: వచ్చు. కానీ నా చదువులో ఇంకో సగం ఉంది. చివరి మడివాడు ఆ రాత్రి రాలేదు. నీళ్ళందినయని రాలేదా, జ్వరమొచ్చి పడుకున్నడా?

మామ: జ్వరమొస్తే పెండ్లాం వస్తది.

కోడలు: నా వాడికి పెండ్లాం లేదు. జేబు ఖాళీ అయి పడిపోయిన పరికరం, చెప్పడానికి ఏమీ లేక ఊరుకున్న పరికరం, బయటికి రెండూ ఒక్క తీరే ఉంటయి. సున్నా పంపుతున్నడా, అసలు పంపుతనే లేడా? అందుకని కబురు మొదట్లో కొన్ని మెరుపులు పంపిస్తరు, ఇగ మొదలుపెడుతున్న, చెవి పెట్టు అని. కబురు పొడుగు కూడా ముందే ఖాయం చేసుకుంటరు. ఆ లోపల ఉన్న నిశ్శబ్దానికే విలువ. ఆ బయట నిశ్శబ్దం వట్టి నిశ్శబ్దం.

మామ: మళ్ళ ఖర్చే గద ఆ మొదటి మెరుపులు.

కోడలు: ఖర్చే. అప్పుడప్పుడూ బతికే ఉన్ననని చెప్పుడు కూడా ఖర్చే. ఎన్నిసార్లు చెప్పాలె? గుండె పక్కన ఉన్నవాడు నలభై రెండు నిమిషాలకోసారి జేబు నింపుకునేవాడు, నిమిషానికోసారి బతికున్నననుకుంటే బతకడు. రోజుకోసారి అన్నడనుకో, పొద్దున పోయినవాడి సంగతి మాకు మర్నాడు తెలుస్తది. దీనికి నా దగ్గర జవాబు లేదు. రెండో చాప్టర్ అక్కడే ఆగి ఉంది.

మామ: నీ గైడు ఏమంటడు?

కోడలు: గ్రాఫ్ ఒకటి పెట్టమంటడు.

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఎదురుగా నీటికోళ్ళు రెండు తుంగలోంచి బయటికొచ్చి మళ్ళీ దూరాయి. కట్ట కింద ఎవరిదో మోటారు ఆగింది. ఆ చప్పుడు ఆగాక గాని అప్పటిదాకా అది నడుస్తోందని నేను గమనించలేదు.

మామ: నేనొకటి చెప్తా రాసుకో. నీ పరికరానికి దారి ఏసుడు తప్పని అంటలేను. ముందు ఒక్కటి చెయ్యి. వానలల్ల వరిపొలం గట్టు మీద ఒక సెన్సరు పాతిపెట్టు, మామూలుదే, మార్కెట్ల దొరికేదే. ఏడాది నడవనియ్యి. చీమలు పట్టనియ్యి, ఎండకు పగలనియ్యి. అది ఎట్ల సచ్చిందో రాయి. ఆ సావు చూసినంక నానోది రాయి.

కోడలు: అది రాస్తే పీహెచ్‌డీ ఇవ్వరు మామా.

మామ: ఇయ్యకపోతే ఇయ్యకపాయె. మా నాయనకు ఎవడిచ్చిండు?

కోడలు: తాతకు మేర కొలిచేవాళ్ళు. నాకు ఏడాదికి రెండు పేపర్లు కొలవమంటరు. అదీ తేడా.

దీనికి నాయన దగ్గర మాట లేదు. పార లేని భుజాన్ని ఓసారి తడుముకున్నాడు. నాకు ఆకలి మొదలై చాలాసేపయింది. ఎండ నెత్తి దాటింది. వాచీ చూస్తే ఒకటిన్నర.

"అమ్మ ఇంకా పిలవలేదేంది?" అన్నాను.

"వంట కాలే" అన్నాడు నాయన, కాళ్ళు చాపుకుంటూ. "అయితే మిస్డ్ కాల్ వస్తుండె. రాలేదంటే కాలేదన్నట్టే. ఇప్పటిదాకా ఏం చెప్పిన?"

మరదలు ఆయన చొక్కా జేబు వైపు చూసింది. ఆమె చూపు చూసి ఆయన ఫోను బయటికి తీశాడు. మూడు మిస్డ్ కాల్స్, మొదటిది పన్నెండుం పావుకి. పొద్దున గుడిలో సైలెంట్‌లో పెట్టి మర్చిపోయాడు.

మరదలు ఏమీ అనలేదు.

"ఏంది గట్ల చూస్తవ్?" అని ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "నడువుండ్రి, కూర సల్లారుతది."